పెన్నకు అందని కాపీ

మీ ఇంటి ఫొటోలన్నీ ఎక్కడున్నాయో ఇప్పటికిప్పుడు చెప్పగలరా? "ఫోన్‌లో ఉన్నాయి" అంటారు. మరి ఈ ఫోన్ కొనక ముందువి? "పాత ఫోన్‌లో. అది ఆన్ కావడం లేదు, బీరువాలో పడేశాం." పెళ్లి ఫొటోలు? "స్టూడియో వాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. ఎక్కడో ఉండాలి." బాబు అన్నప్రాసన? "మా ఆడపడుచు వాట్సాప్‌లో పంపింది, వెతకాలి." నాన్నగారి షష్టిపూర్తి? "దాని సీడీ ఉంది. వేసి చూసే కంప్యూటరే లేదు."

"ఎక్కడో ఉండాలి" అని జవాబు వచ్చిన ఫొటో సగం పోయినట్టే లెక్క. మిమ్మల్ని భయపెట్టాలని అనడం లేదు. ఇది ఒకటి రెండు ఆదివారాల పని, సుమారు పది వేల రూపాయల ఖర్చు. డబ్బు పెట్టకపోయినా సగం పని అవుతుంది. ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

అయితే నెల్లూరు తీరంలో ఉండేవాళ్లు ఈ విషయాన్ని హైదరాబాద్ వాళ్లలా చూడటానికి లేదు. మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి వస్తాయి. వచ్చినప్పుడు ఎలా వస్తాయో మీకు చెప్పక్కర్లేదు. 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన తుపాను సంగతి మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 2015 నవంబరులో మనుబోలు దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే దెబ్బతింది, నెల్లూరు భగత్‌సింగ్ కాలనీలో ఇళ్లు మునిగాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకు ముందే మన జిల్లాను వానలో ముంచింది. ఇలాంటి రోజున ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొస్తే ఏం తడుస్తుంది? బీరువా కింది అరలోని ఆల్బమ్, దాని పక్కన డిస్క్, నేల మీది కంప్యూటర్. అన్నీ ఒకేసారి.

అందుకే మన ప్రాంతంలో ఏ కంపెనీ డిస్క్ కొనాలి అన్నది రెండో ప్రశ్న. ఇంకో కాపీ ఏ ఊళ్లో ఉండాలి అన్నది మొదటిది.

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ తన పుస్తకం ద్వారా ఒక లెక్కను ప్రచారంలోకి తెచ్చాడు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటి బయట. ఫొటోగ్రాఫర్లు, కంప్యూటర్ వాళ్లు దీన్నే 3-2-1 అంటారు. ఇంతకన్నా సిద్ధాంతం మనకు అక్కర్లేదు. ఇప్పుడు పనిలోకి దిగుదాం.

1. ముందు ఎంత ఉందో చూసుకోండి

దుకాణానికి వెళ్లి "ఎంత డిస్క్ కావాలి?" అని అడిగితే, వాళ్ల దగ్గర ఉన్నవాటిలో పెద్దది చూపిస్తారు. అది వాళ్ల వ్యాపారం. మీ లెక్కతో మీరు వెళ్లండి.

ఫోన్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిస్తే ఫొటోలు, వీడియోలు ఎన్ని జీబీలో కనిపిస్తుంది. ఇంట్లో ఎన్ని ఫోన్లుంటే అన్నీ కూడండి. సుమారుగా చెప్పాలంటే ఫోన్‌తో తీసిన ఒక ఫొటో 3, 4 ఎంబీ ఉంటుంది. 10,000 ఫొటోలున్నా 40 జీబీ దాటదు. చోటంతా తినేసేది వీడియోలు. మామూలు ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి 60 నుంచి 130 ఎంబీ తీసుకుంటుంది. 4కే పెట్టి తీస్తే 170 నుంచి 350 దాకా పోతుంది. ఓణీల ఫంక్షన్‌లో మేనమామ ఆపకుండా తీసిన అరగంట వీడియో ఒక్కటే మీ ఏడాది ఫొటోలకు సమానం కావచ్చు.

ఇద్దరు పిల్లలున్న మామూలు కుటుంబానికి ఫొటోలు, వీడియోలు అన్నీ కలిపినా 200, 300 జీబీ చాలాసార్లు దాటదు. స్టూడియో వాళ్లు ఇచ్చిన పెళ్లి వీడియో ఉంటే ఇంకో యాభై అరవై కలుపుకోండి. అంటే 1 టీబీ డిస్క్ చాలు. "భవిష్యత్తులో పనికొస్తుంది" అని 5 టీబీ డిస్క్ ఒకటి కొనే బదులు, 1 టీబీవి రెండు కొనండి. నా ఓటు ఎప్పుడూ రెండు చిన్నవాటికే. పెద్ద డిస్క్ పాడైతే పెద్ద నష్టమే జరుగుతుంది.

2. సర్దడం తర్వాత, కాపీ ముందు

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. "ముందు అనవసరమైనవి తీసేసి, ఒక వరసలో పెట్టి, ఆ తర్వాత కాపీ చేద్దాం" అనుకుంటారు. ఫోన్ తెరుస్తారు. గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు, మసకగా వచ్చిన ఫొటోలు, గ్యాస్ బిల్లు స్క్రీన్‌షాట్లు. ఓ రెండొందలు తీసేసేసరికి మైపాడు బీచ్‌లో తీసుకున్న ఫొటో ఒకటి కనిపిస్తుంది, దాన్ని నలుగురికీ పంపుతారు, వాళ్లు ఫోన్ చేస్తారు. ఆదివారం అయిపోతుంది. మళ్లీ దసరాకే.

చెత్తతో సహా అన్నీ ముందు కాపీ చేసేయండి. చెత్త ఫొటోకి అయ్యే ఖర్చు పైసల్లో ఉంటుంది. మీ ఆదివారానికి విలువ ఎక్కువ. కాపీ అయ్యాక తీరిగ్గా ఏరుకోండి, అసలు ఏరకపోయినా కొంప మునగదు.

ఫోల్డర్‌కి పేరు మాత్రం పెట్టండి. ఏడాది ముందు, నెల తర్వాత, సందర్భం ఆ తర్వాత. "2024-02 గృహప్రవేశం", "2025-01 సంక్రాంతి" ఇలా. ఏడాది ముందుంటే కంప్యూటరే వాటిని వరసలో నిలబెడుతుంది. "న్యూ ఫోల్డర్ 7" అని వదిలేస్తే ఐదేళ్ల తర్వాత అందులో ఏముందో మీకే తెలియదు.

ఇంట్లో కంప్యూటర్ లేదా? పరవాలేదు. ఒక వైపు మామూలు యూఎస్‌బీ, ఇంకో వైపు టైప్-సి ఉండే పెన్‌డ్రైవ్‌లు దొరుకుతాయి. వాటిని నేరుగా ఫోన్‌కి గుచ్చి, ఫైల్స్ యాప్‌లోంచి కాపీ కొట్టొచ్చు. హార్డ్‌డిస్క్‌ని కూడా ఓటీజీ కేబుల్‌తో కలపొచ్చు గానీ, కొన్ని ఫోన్లు దానికి సరిపడా కరెంటు ఇవ్వలేవు. కొన్ని ఫోన్లకు డిస్క్‌లోని ఫార్మాట్ అర్థం కాదు. డిస్క్ కొత్తగా ఉన్నప్పుడే, లోపల ఏమీ వేయకముందే, దాన్ని ఎక్స్‌ఫాట్‌లోకి మార్పించుకుంటే ఈ రెండో చిక్కు చాలావరకు పోతుంది. ఫొటోలు వేశాక మాత్రం "ఫార్మాట్ చేయమంటారా?" అని ఏ యంత్రం అడిగినా ఊ అనకండి.

3. ఏది కొనాలి?

మీ ముందు ఉండేవి నాలుగు: పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, హార్డ్‌డిస్క్, ఎస్ఎస్‌డీ. 

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు ఫొటోలను మోసుకెళ్లడానికి పనికొస్తాయి, దాచిపెట్టడానికి కాదు. చిన్నవి కాబట్టి పోతాయి, చొక్కా జేబులో ఉండి వాషింగ్ మెషీన్‌లో పడతాయి. కాపీలన్నీ వాటిలోనే పెట్టుకోవద్దు.

ఎస్ఎస్‌డీ వేగంగా పనిచేస్తుంది, కింద పడినా తట్టుకుంటుంది. ధర ఎక్కువ. దాంట్లో ఫొటోలు విద్యుదావేశం రూపంలో నిలుస్తాయి. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా మూల పడేస్తే ఆ ఆవేశం తగ్గిపోయి ఫైళ్లు చెడే అవకాశం ఉంది. మనం చేసేదేమో ఏడాదికి రెండు మూడుసార్లు తీసి, మళ్లీ దాచడం. అలాంటి వాడకానికి నేను సాదా పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌కే మొగ్గుతాను. 1 టీబీ డిస్క్ ఈ అధ్యాయం రాసేనాటికి సుమారు ఐదు వేల చుట్టుపక్కల ఉంది. కొనేరోజు ధర మీరే చూసుకోండి. దీనికి ఉన్న పెద్ద బలహీనత ఒకటే. లోపల పళ్లెం తిరుగుతుంటుంది. తిరుగుతుండగా టేబుల్ మీద నుంచి జారిందా, అయిపోయినట్టే. కాపీ అవుతున్నంతసేపూ దాన్ని కదపకండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి, తీసేటప్పుడు "ఎజెక్ట్" నొక్కి తీయండి.

వారంటీ గురించి ఒక మాట. డిస్క్ మీద రెండేళ్లో మూడేళ్లో వారంటీ ఉంటుంది. పాడైతే కొత్త డిస్క్ ఇస్తారు, మీ ఫొటోలు ఇవ్వరు. వాటిని రాబట్టాలంటే డేటా రికవరీ వాళ్ల దగ్గరికి వెళ్లాలి. లోపలి భాగాలే చెడితే అది డిస్క్ ధరకు ఎన్నో రెట్లు అవుతుంది, వస్తాయన్న హామీ కూడా ఉండదు. వారంటీ చూసి ధీమాగా ఉండేవాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు.

ఇక అన్నిటికన్నా ఎక్కువమంది మోసపోయేది ఎక్కడో తెలుసా? ఆన్‌లైన్‌లో "2 టీబీ పెన్‌డ్రైవ్, 499 రూపాయలే" అని కనిపిస్తుంది. ఒక సందర్భం ఊహించండి. అల్లూరులో ఒక కుర్రవాడు అది తెప్పించాడు. కంప్యూటర్‌కి పెడితే నిజంగానే 2 టీబీ అని చూపించింది. అక్క పెళ్లి ఫొటోలన్నీ వేశాడు. ఫైళ్ల పేర్లన్నీ కనిపిస్తున్నాయి. ఆర్నెల్ల తర్వాత తెరిస్తే మొదటి కొన్ని వందలే తెరుచుకుంటున్నాయి, మిగతావన్నీ బూడిదరంగు డబ్బాలు.

ఏం జరిగింది? లోపల ఉన్నది చిన్న చిప్. తనను 2 టీబీగా చెప్పుకునేలా దాన్ని తయారుచేశారు. చోటు నిండాక వచ్చిన ఫైళ్లు అసలు రాయబడలేదు, లేదా పాతవాటి మీదే రాయబడ్డాయి. అందుకే నమ్మశక్యం కాని ధర కనిపిస్తే నమ్మకండి. తెలిసిన కంపెనీది, బిల్లుతో, తెలిసిన దుకాణంలో కొనండి. అనుమానం ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. డిస్క్ మొత్తాన్నీ నింపి, మళ్లీ చదివి, ఎంత నిజమో చెబుతుంది. ఫొటోలు వేయకముందే ఆ పరీక్ష పెట్టించండి.

"నాస్ పెట్టుకోమంటున్నారు, అది మంచిదేనా?" అని అడిగేవాళ్లుంటారు. ఇంట్లో నెట్‌వర్క్‌కి కలిపే, రెండు డిస్క్‌లు పట్టే పెట్టె అది. వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు మంచిది. మామూలు ఇంటికి ఖర్చు ఎక్కువ. పైగా ఆ రెండు డిస్క్‌లూ ఒకే పెట్టెలో ఉంటాయి, ఆ పెట్టె ఒకే ఇంట్లో ఉంటుంది. వరదకు రెండూ ఒకటే.

4. క్లౌడ్: ఉచితం ఎంతవరకు?

"గూగుల్ ఫొటోస్‌లో అన్నీ ఉన్నాయి కదా, ఇంకెందుకు?" అంటున్నారా? నిజమే, పెన్నకు అందని కాపీ అంటే మొదట గుర్తుకు రావలసింది అదే. కాకపోతే దాని షరతులు తెలుసుకొని వాడాలి.

గూగుల్ వాళ్ల సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్ గుర్తుందా? కాలేజీ రోజుల ఫొటోలన్నీ అక్కడ పెట్టినవాళ్లు మీలో ఉంటారు. 2014 సెప్టెంబరు 30న దాన్ని మూసేశారు. ఫొటోలు దింపుకోవడానికి 2016 సెప్టెంబరు దాకా గడువిచ్చారు. ఎంతమంది దింపుకున్నారు? గూగుల్ ఫొటోస్‌లో ఎన్ని పెట్టినా ఉచితం అన్న రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. ఇప్పుడు 15 జీబీ వరకే ఉచితం, అదీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి. ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్‌ను కూడా ఈ మధ్య ఆ లెక్కలోనే కలిపారు. ఆ 15 నిండిందంటే ఫొటోలు ఎక్కడం ఆగడమే కాదు, మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. బ్యాంకు నుంచో కాలేజీ నుంచో రావాల్సిన మెయిల్ రాలేదని తిట్టుకునేవాళ్లలో కొందరి ఇబ్బంది ఇదే.

డబ్బు పెట్టే ఉద్దేశం లేకపోతే ఇలా చేయొచ్చు. ఇంట్లో నలుగురికీ ఎవరి ఖాతా వాళ్లకుంటే నలుగురికీ కలిపి 60 జీబీ అవుతుంది. ఫొటోల నాణ్యత దగ్గర "స్టోరేజ్ సేవర్" ఎంచుకుంటే 16 మెగాపిక్సెల్ దాటిన ఫొటోలను అక్కడికి తగ్గించి దాస్తుంది. ఇంట్లో చూసుకోవడానికి, మామూలు సైజు ప్రింటుకు అది చాలు. వీడియోలను డిస్క్‌కి వదిలేసి, ఫొటోలను మాత్రం క్లౌడ్‌కి పంపండి. 

డబ్బు పెట్టగలిగితే 100 జీబీ ప్లాన్ ఏడాదికి 1,300 రూపాయల దగ్గర ఉంటుంది. కుటుంబంలో ఇంకో ఐదుగురితో పంచుకోవచ్చు. ఐదేళ్లకు 6,500. రెండు డిస్క్‌లకు పది వేలు. దేనికి ఏది చౌక అని చూస్తే, ఫొటోలకు క్లౌడ్, వీడియోలకు డిస్క్. ఐఫోన్ వాళ్లకు ఐక్లౌడ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీయే కాబట్టి ఈ ఆలోచన ఇంకా ముందే మొదలుపెట్టాలి.

ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందో కూడా చూసుకోండి. రోజుకు 2 జీబీ డేటా ప్యాక్ మీద 100 జీబీ ఎక్కించాలంటే ఇంకేమీ చూడకుండా 50 రోజులు పడుతుంది. ఇంటికి ఫైబర్ ఉంటే, ఎక్కించే వేగం 20 ఎంబీపీఎస్ వచ్చినా పదకొండు పన్నెండు గంటల పని, రాత్రి పెట్టి పడుకోవచ్చు. ఫైబర్ లేని ఊరైతే, సెలవుకి పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడి వైఫైలో ఎక్కించండి.

ఇప్పుడు అసలు ప్రమాదం. క్లౌడ్‌లో ఉన్న ఫొటో, ఫోన్‌లో ఉన్న ఫొటో రెండు వేర్వేరు కాపీలని చాలామంది అనుకుంటారు. గూగుల్ ఫొటోస్ యాప్‌లో ఒక ఫొటో తీసేస్తే రెండు చోట్లా పోతుంది. ఎక్కించి ఉన్న ఫొటో బిన్‌లో 60 రోజులుంటుంది, ఆ తర్వాత అంతే. ఫోన్‌లో చోటు కావాలంటే డిలీట్ నొక్కకూడదు, "ఫ్రీ అప్ స్పేస్" నొక్కాలి. అది ఎక్కినవాటిని చూసుకొని ఫోన్‌లోవి మాత్రమే తీసేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌ని మనవడు "శుభ్రం" చేసిన సందర్భాల్లో ఎన్ని ఇళ్లలో ఫొటోలు పోయాయో!

ఇంకొకటి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాను తొలగించే అధికారం గూగుల్ తన దగ్గర పెట్టుకుంది. "ఫొటోల కోసమే" అని కొత్తగా ఒక జీమెయిల్ తెరిచి, అన్నీ ఎక్కించి, మరిచిపోయేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. సంక్రాంతికి ఒకసారి ఆ ఖాతాలోకి వెళ్లి నాలుగు ఫొటోలు చూడండి, చాలు.

5. వాట్సాప్‌లో వచ్చింది అసలు ఫొటో కాదు

వాట్సాప్‌లో పంపిన ఫొటోని అది బాగా కుదించి పంపుతుంది. ఫోన్ తెర మీద తేడా తెలియదు. గోడకు తగిలించేంత ప్రింటు వేయిస్తే తెలుస్తుంది. చుట్టాల నుంచి ఫంక్షన్ ఫొటోలు కావాలంటే "డాక్యుమెంట్‌గా పంపు వదినా" అని అడగండి. అలా పంపితే కుదించదు. హెచ్‌డీ అని నొక్కి పంపినా కొంత నయం, పూర్తి నాణ్యత మాత్రం డాక్యుమెంట్‌తోనే.

మరో చిక్కు. వాట్సాప్‌లో వచ్చినవి గూగుల్ ఫొటోస్‌లోకి తమంతట తాము ఎక్కకపోవచ్చు. యాప్‌లో బ్యాకప్ ఫోల్డర్ల జాబితా తెరిచి వాట్సాప్ ఇమేజెస్ దగ్గర ఆన్ చేస్తేనే ఎక్కుతాయి. చేస్తే పూలబొమ్మలు కూడా ఎక్కుతాయి, నిజమే. నేనైతే ఆన్ చేయను. కావలసినవి ఏరి విడిగా దాస్తాను.

6. ఉప్పుగాలిలో డిస్క్ ఎలా ఉండాలి?

కోడూరు, మైపాడు, తుమ్మలపెంట వైపు ఇళ్లలో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో మీకు తెలుసు. యూఎస్‌బీ కొనల మీది లోహం కూడా ఆ గాలినే పీలుస్తుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి. కొత్త చెప్పుల పెట్టెల్లో, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు అందులో వేసి, డిస్క్‌ని, దాని కేబుల్‌తో సహా, ఒక కవర్లో చుట్టి పెట్టండి. ఆ పొట్లాలు పాతబడితే తేమ పీల్చవు. ఏడాదికోసారి కొత్తవి వేయండి. కలరా ఉండలు మాత్రం వేయకండి, బట్టలకు వేసినట్టు.

డబ్బాని కింది అరలో కాకుండా అటక మీద, లేదా బీరువా పై అరలో పెట్టండి. తీరం ఊళ్లలో ఉండేవాళ్లకు ఇంకో మాట. కృష్ణపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే షెల్టర్‌కి వెళ్లాల్సి రావచ్చని మీకు తెలుసు. ఆధార్ కార్డులు, పట్టాదారు పాస్‌పుస్తకం, ఇంటి పత్రాలు పెట్టే సంచి ఒకటి ఉంటుంది కదా. డిస్క్ డబ్బా స్థానం ఆ సంచిలోనే.

డిస్క్ మీద మార్కర్‌తో "ఇంటి ఫొటోలు, చెరపొద్దు" అని రాయండి. నవ్వకండి. సినిమాలు ఎక్కించుకోవడానికి ఖాళీ డిస్క్ వెతికే బావమరిది ప్రతి ఇంట్లోనూ ఉంటాడు.

7. రెండో డిస్క్ ఊరు దాటాలి

కోవూరులో ఒక తండ్రి, చెన్నైలో ఉద్యోగం చేసే కూతురు ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారనుకోండి.

"నాయనా, ఫొటోల డిస్క్ యాడ పెట్టావు?"

"బీరువాలోనే ఉండాది గదమ్మా."

"రెండోది?"

"దాని పక్కనే."

"ఆల్బమ్‌లు?"

"అదే బీరువా. కింద అరలో. ఏంది, అన్నీ ఒకే చోట ఉంటే దొరకవా?"

దొరుకుతాయి. పెన్నకు కూడా అక్కడే దొరుకుతాయి. ఆయనకు మూడు కాపీలున్నాయి గానీ మూడూ ఒకే బీరువాలో. "సరే, అవతల నెల్లూరులో తమ్ముడింట్లో పెడతా" అంటాడు. మధ్యలో ఉన్నది పెన్నే. పొంగిందంటే ఒడ్డుకు ఇటూ అటూ రెండు వైపులా వస్తుంది. ఇంటి బయట అంటే పక్క వీధి, పక్క ఊరు కాదు. ఒకే తుపాను రెండింటినీ తాకలేనంత దూరం కావాలి. తుపాను చెన్నైని, నెల్లూరును కలిపి తడిపిన సందర్భాలున్నాయి కాబట్టి, అవకాశం ఉంటే హైదరాబాద్, బెంగళూరు లాంటి లోపలి ఊళ్లు నయం. చెన్నైలో తప్ప ఎవరూ లేరంటే అదీ మంచిదే, ఏ మూడో అంతస్తులోనో ఉంటుంది.

మన జిల్లాలో ఇల్లు వదిలి ఉద్యోగాలకు వెళ్లని పిల్లలున్న కుటుంబాలు తక్కువ. వాళ్లు పండక్కి వస్తారు. దాన్ని వాడుకోండి. ఒక డిస్క్ మీ దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర. సంక్రాంతికి వచ్చేటప్పుడు వాళ్లది తెస్తారు, ఏడాది ఫొటోలు అందులోకి ఎక్కుతాయి, కనుమ మర్నాడు తిరిగి వెళ్లేటప్పుడు అరిసెల డబ్బాతో పాటు మీ దగ్గరున్నది వాళ్లు పట్టుకెళ్తారు, వాళ్లది మీ దగ్గర ఉంటుంది. ఇలా ఏటా మారుతుంటే రెండు డిస్క్‌లకూ కరెంటు తగులుతుంది, రెండూ ఒకసారి తెరిచి చూసినట్టూ అవుతుంది. ఇంకోసారి దసరాకు ముందు, అంటే వానలు మొదలయ్యేలోపు, మీ దగ్గరున్న డిస్క్‌లోకి కొత్త ఫొటోలు ఎక్కించండి. ఏడాదికి రెండుసార్లు. అంతకుమించి పెట్టుకుంటే చేయలేం, మానేస్తాం.

పిల్లలు అమెరికాలో ఉంటే? రెండేళ్లకో మూడేళ్లకో వస్తారు. అప్పుడు డిస్క్ పంపండి, మధ్యలో క్లౌడ్ మీద ఆధారపడండి.

8. కాపీ అయిందని ఎలా తెలుసు?

గీత చివరిదాకా వెళ్లింది, మాయమైంది. అంతమాత్రాన నమ్మొద్దు. అసలు ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లు, ఎన్ని జీబీ ఉన్నాయో, కాపీలోనూ అన్నే ఉన్నాయో చూడండి. ఆ తర్వాత మొదట్లో ఐదు, మధ్యలో ఐదు, చివర్లో ఐదు ఫొటోలు తెరవండి. వీడియో అయితే చివరి నిమిషానికి లాగి చూడండి. పది నిమిషాల పని. ఈ పది నిమిషాలు అయ్యేదాకా ఫోన్‌లో ఒక్కటి కూడా తీసేయకండి.

పెళ్లి చేసుకున్నవాళ్లు స్టూడియో పెన్‌డ్రైవ్ చేతికి వచ్చిన వారంలోనే ఈ పరీక్ష చేయండి. ఆల్బమ్ ఇచ్చాక స్టూడియో వాళ్లు డేటా ఎంతకాలం ఉంచుకుంటారో మాట్లాడుకునేటప్పుడే అడగండి. వాళ్లకూ డిస్క్‌లు నిండుతాయి, ముహూర్తాల సీజన్ రాగానే పాతవి చెరిపేస్తారు. పాత సీడీలు, డీవీడీలు ఉంటే వాటిని కూడా ఇప్పుడే ఏ స్టూడియోలోనో డిస్క్‌లోకి ఎక్కించుకోండి. వాటి మీద పూత చెడుతుంది, వాటిని చదివే డ్రైవ్‌లు కొత్త ల్యాప్‌టాప్‌లలో రావడమే మానేశాయి.

9. అయినా తడిస్తే

డిస్క్ నీళ్లలో పడితే చేయాల్సింది ఒక్కటే: కరెంటుకి కలపకుండా ఉండటం. "పని చేస్తుందో లేదో ఒకసారి చూద్దాం" అన్న ఆ ఒక్కసారే మిగిలిన ఆశను కాల్చేస్తుంది. విప్పొద్దు, ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయర్ పట్టొద్దు. కవర్లో పెట్టి డేటా రికవరీ వాళ్లకు ఇవ్వండి, వాళ్లు చూసుకుంటారు. ఫోన్ అయినా సరే ముందు ఆపేయండి, చార్జింగ్ పెట్టొద్దు.

ప్రింటు ఫొటోలకు పద్ధతి వేరు. తడిసిన ఆల్బమ్‌ని అలాగే ఆరనిస్తే ఫొటోలు ఒకదానికొకటి, ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోతాయి. తర్వాత విడదీస్తే పైపొర ఊడి వస్తుంది. తడిగా ఉండగానే తీయాలి. బురద ఉంటే శుభ్రమైన చల్లని నీళ్లలో మెల్లగా ముంచి తీయండి, బొమ్మ మీద వేలు పెట్టి రుద్దొద్దు. బొమ్మ పైకి ఉండేలా, శుభ్రమైన గుడ్డ మీద, నీడలో ఫ్యాను గాలికి పరచండి. ఒకటి రెండు రోజుల్లోపు ఈ పని కాకపోతే బూజు మొదలవుతుంది. కరెంటు ఉన్న చుట్టాల ఇల్లుంటే, ఫొటోల మధ్య మైనపు కాగితం పెట్టి, కవర్లో వేసి డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు.

వరద రాకముందే ఆ ప్రింట్లను ఫోన్‌తో తీసి పెట్టుకుంటే ఇంత తంటా ఉండదు. గూగుల్ ఫొటోస్కాన్ యాప్ వెలుతురు మెరుపు పడకుండా తీస్తుంది. తీసేటప్పుడు పక్కన అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టుకొని, ఫొటోలో ఎవరెవరో అడిగి ఫైలు పేరులోనే రాయండి. ఆ సమాచారం ఏ డిస్క్‌లోనూ దొరకదు.

10. మీరొక్కరే కాదు, ఇంకొకరికీ తెలియాలి

డిస్క్ ఏ డబ్బాలో ఉంది, రెండోది ఎవరి దగ్గర ఉంది, ఏ ఖాతాలో ఫొటోలున్నాయి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి, ఇంటి పత్రాల కవర్లో పెట్టండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాయడానికి ఇబ్బందిగా ఉంటే గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో "ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్" అని ఉంటుంది. మీరు 3 నెలలో, 6 నెలలో, ఎంతకాలం ఖాతా తెరవకపోతే ఎవరికి కబురు వెళ్లాలో, వాళ్లు మీ ఫొటోలు దింపుకోవచ్చో లేదో అందులో ముందే చెప్పి ఉంచొచ్చు. పది మంది దాకా పేర్లు పెట్టొచ్చు గానీ, ఇద్దరు చాలు. ఆ ఇద్దరికీ మీరు పేరు పెట్టినట్టు ఫోన్ చేసి చెప్పండి. లేకపోతే గూగుల్ నుంచి వచ్చిన మెయిల్‌ని ఏదో మోసమనుకొని తీసిపారేస్తారు.